పాత కారు మలుపుల్లో ఊగుతోందా? వెనక స్వే బార్ వేయించే ముందు ఇవి తెలుసుకోండి

పాల్వంచ నుంచి భద్రాచలం వైపు వెళ్లే ఎన్‌హెచ్ 30 మీద పొద్దున పూట ఓ గంట నిలబడి చూడండి. కొత్త ఎస్‌యూవీల మధ్యలో ఇంకా ఏపీ 20 నంబరుతోనే తిరిగే మారుతీ 800లు, ఓమ్నీలు, జెన్‌లు, క్వాలిస్‌లు కనిపిస్తాయి. చాలావరకు సెకండ్ హ్యాండ్, థర్డ్ హ్యాండ్ బండ్లు. ఇంజన్ బాగానే ఉంటుంది, బాడీకి ఓసారి పెయింట్ కూడా పడి ఉంటుంది. ఇబ్బంది అంతా మలుపులోనే. సారపాక పేపర్ మిల్లుకు జామాయిల్ కర్ర వేసుకుని పోయే లారీని దాటి మళ్లీ ఎడమకు వస్తుంటే బండి వెనక భాగం పడవలా అటూ ఇటూ ఊగుతుంది. వెనక సీట్లో నుంచి అమ్మ "మెల్లగా పోనీ బేటా" అంటుంది.

షెడ్డుకు తీసుకెళితే ఈ మధ్య ఒక సలహా తరచూ వినిపిస్తోంది. "వెనకాల ఒక రాడ్ వేయిద్దాం భాయ్, బండి రోడ్డుకు అతుక్కుని పోతది." ఆ రాడ్డే వెనక స్వే బార్. సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసే కుర్రాళ్లు కూడా ఉస్తాద్ దగ్గరికి వెళ్లి ఇదే అడుగుతున్నారు.

బార్ వేస్తే బండి ఒరగడం తగ్గుతుంది, అది నిజమే. రోడ్డు మీద పట్టు పెరుగుతుందన్న మాట దగ్గరే జాగ్రత్త పడాలి. వెనక బార్ వేస్తే ముందు చక్రాలకు పట్టు కొంత పెరగొచ్చు. వెనక చక్రాలకు మాత్రం తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి తెలియకుండా బార్ వేయించి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వానాకాలంలో చింతూరు, మారేడుమిల్లి ఘాట్ ఎక్కడం మంచిది కాదు. ఎందుకో కాస్త వివరంగా చూద్దాం.

అసలు ఈ బార్ చేసే పని

స్వే బార్, యాంటీ రోల్ బార్, స్టెబిలైజర్ బార్ అని పేర్లు మూడున్నా వస్తువు ఒకటే. స్పేర్ పార్ట్స్ షాపులో ఈ పేర్లేవీ చెప్పకపోయినా పర్లేదు, 'జంపింగ్ రాడ్' అంటే ముందు భాగానికి వచ్చేది తీసి చూపిస్తారు. 1919లోనే కెనడాలో ఒకాయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అంటే వందేళ్లు దాటిన పాత ఆలోచన ఇది.

చూడ్డానికి ఇంగ్లిష్ 'యు' అక్షరంలా వంచిన స్టీలు కడ్డీ. నడుమ భాగం కారుకు అడ్డంగా ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉంటుంది. దాన్ని రెండు రబ్బరు బుష్‌లు, రెండు క్లాంపులు బాడీకి పట్టి ఉంచుతాయి. రెండు చివరలు చేతుల్లా వంగి, ఎడమ చక్రం దగ్గర ఒకటి, కుడి చక్రం దగ్గర ఒకటి లింక్ రాడ్లతో కలుస్తాయి.

స్పీడ్ బ్రేకర్ వచ్చిందనుకోండి. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తాయి. బార్ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, ఏ పనీ చేయదు. అదే బండి ఎడమకు తిరిగితే బాడీ కుడికి ఒరుగుతుంది. కుడి చక్రం బాడీలోకి నొక్కుకుంటుంది, ఎడమ చక్రం కిందికి వేలాడుతుంది. బార్ చేతుల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి పోయేసరికి నడుమ కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. బట్ట మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. స్టీలు మాత్రం మళ్లీ నిటారు కావాలని చూస్తుంది. అది ఎదురు తిరిగే బలమే బండి ఒరగడాన్ని తగ్గిస్తుంది.

దీనికో ఖరీదు కూడా ఉంది. ఒక్క చక్రమే గుంతలో పడినప్పుడు కూడా బార్ మెలి తిరుగుతుంది, ఆ దెబ్బను రెండో చక్రానికి పంపుతుంది. అందుకే లావు బార్ వేసిన బండి గుంతల దారిలో పోతుంటే లోపల కూర్చున్నవాళ్ల తలలు అటూ ఇటూ కొట్టుకుంటాయి. నున్నటి హైవే మీద తిరిగే కారుకు ఇది పెద్ద సమస్య కాదు. హైవే దిగి ఊళ్లోకి, అడవి అంచు పల్లెల్లోకి వెళ్లే బండికి మాత్రం రోజూ తెలుస్తుంది.

130 కేజీల లెక్క

మనుషులతో కలిపి 900 కేజీల చిన్న కారు అనుకుందాం. కుడి, ఎడమ చక్రాల మధ్య వెడల్పు 1.2 మీటర్లు. బరువు కేంద్రం నేలకు అర మీటరు ఎత్తులో ఉంది. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఘాట్ మలుపులో ఈ కారు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, లోపలి పక్క చక్రాల మీద నుంచి బయటి పక్క చక్రాల మీదికి సుమారు 130 కేజీల బరువు మారుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఒక్కో పక్క 450 చొప్పున ఉన్న బరువు కాస్తా 320, 580 అవుతుందన్నమాట.

అదే మలుపులో 40 మీద తిరిగితే? 130 కాస్తా 235 అవుతుంది. వేగం మూడో వంతు పెరిగితే బరువు మార్పు ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. అరిగిన టైర్లతో, తడి రోడ్డు మీద ఆ వేగానికి బండి ఒరగడం కాదు, జారడమే మొదలవుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ 130 కేజీల మార్పును ఏ బార్ కూడా ఆపలేదు. కారు బరువు, దాని ఎత్తు, చక్రాల వెడల్పు, మలుపులో వేగం, ఈ నాలుగే దాన్ని నిర్ణయిస్తాయి. బండి తక్కువ ఒరిగినంత మాత్రాన బరువు మారడం ఆగిందని కాదు. బార్ చేతిలో ఉన్నది వేరే విషయం. ఆ 130లో ముందు జత చక్రాలు ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్న పంపకం.

ఈ పంపకం ఎందుకంత ముఖ్యమో టైరు స్వభావం తెలిస్తే అర్థమవుతుంది. టైరు మీద బరువు రెట్టింపయితే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. ఇద్దరు హమాలీలు చెరో 50 కేజీల బస్తా మోస్తే పని సాఫీగా సాగుతుంది. ఒకడి నెత్తిన 90, ఇంకొకడి చేతిలో 10 పెడితే మొత్తం అదే వంద కేజీలైనా పని నడవదు. యాక్సిల్ కూడా అంతే. రెండు టైర్ల మీద బరువు ఎంత సమానంగా ఉంటే ఆ జతకు అంత పట్టు. వెనక గట్టి బార్ వేశామంటే పంపకంలో వెనక జత వాటా పెంచినట్టే. వెనక బయటి టైరు నలుగుతుంది, లోపలి టైరు తేలికవుతుంది, మొత్తం వెనక పట్టు తగ్గుతుంది. ముందు జతకు అంతమేర భారం తగ్గి దాని పట్టు పెరుగుతుంది.

మరి వెనక పట్టు తగ్గించుకోవడం ఎవరికైనా ఎందుకు? మారుతీ 800, జెన్, ఆల్టో లాంటి ముందు చక్రాలు లాగే కార్లలో ఇంజన్ బరువంతా ముందే. మలుపులో వేగం ఎక్కువైతే ముందు టైర్లే మొదట చేతులెత్తేస్తాయి. స్టీరింగ్ ఎంత తిప్పినా బండి ముక్కు మలుపు బయటికే పోతుంది. వెనక బార్ ఈ ధోరణిని తగ్గిస్తుంది. స్టీరింగ్ తిప్పగానే ముక్కు లోపలికి తిరుగుతుంది, బండి చురుగ్గా అనిపిస్తుంది. రేసుల్లో పోటీపడే వాళ్లు బార్ వేసుకునేది ఇందుకే. ఇది కల్పిత లాభం కాదు, స్టీరింగ్ పట్టుకున్న ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అయితే కంపెనీ ఇంజనీర్లకు ఈ విషయం తెలియక ముక్కు బయటికి పోయేలా వదిలేశారా? కావాలనే అలా చేశారు. మలుపులో భయపడ్డ మనిషి చేసే మొదటి పని యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీసేయడం, లేదంటే బ్రేక్ తొక్కడం. అలా చేయగానే బరువు ముందుకు వస్తుంది. ముక్కు బయటికి పోతున్న బండికి అది మేలే చేస్తుంది. వేగం తగ్గి, ముందు టైర్లు పట్టు దొరకబుచ్చుకుని, బండి దారిలోకి వస్తుంది. వెనక పట్టు తగ్గించిన బండిలో అదే పని చేస్తే కథ తిరగబడుతుంది. అసలే తేలికైన వెనక భాగం ఇంకా తేలికై తోక బయటికి విసురుతుంది. అప్పుడు కాలు తీయకుండా, స్టీరింగ్‌ను తోక పోతున్న వైపుకే తిప్పి సరిదిద్దాలి. ఆ పని మైదానంలో సాధన చేసినవాళ్లకు చేతనవుతుంది. పెళ్లికి పోతూ పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకున్న మనకు అర సెకనులో తోచదు.

ఇంకో మాట. బండి ఒరగడం డ్రైవర్‌కు ఒక హెచ్చరిక. "ఇక చాలు, తగ్గించు" అని సీటే చెబుతుంది. గట్టి బార్ వేస్తే ఆ హెచ్చరిక పోతుంది, హద్దు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒరగడం లేదు కదా అని 40లో తిరిగే మలుపును 50లో తిరగాలనిపించడం మనిషి సహజం.

అమెరికాలో కోర్వేర్ కథ

బార్ ముందు ఉంటే ఒకటి, వెనక ఉంటే ఒకటి అని చెప్పడానికి మంచి ఉదాహరణ షెవర్లే కోర్వేర్. 1960 మోడల్‌గా వచ్చిన ఈ కారుకు ఇంజన్ వెనక ఉండేది. బరువు వెనక ఎక్కువ కాబట్టి తోక తిరిగే గుణం పుట్టుకతోనే వచ్చింది. ముందు భాగంలో యాంటీ రోల్ బార్ పెడితే పంపకంలో ముందు జత వాటా పెరిగి వెనక టైర్లకు ఊరట దొరికేది. మొదటి మోడళ్లకు కంపెనీ దాన్ని మామూలుగా ఇవ్వలేదు. దానికి బదులు ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పీఎస్ఐ గాలి పెట్టుకోమని చెప్పింది. గాలి కొట్టించేటప్పుడు ఇంత తేడా గుర్తుపెట్టుకునే వాళ్లు ఎంతమంది ఉంటారు? చివరికి 1964 మోడల్ నుంచి ముందు బార్‌ను అన్ని కార్లకూ ఇచ్చారు. 1965లో రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే ఈ కారు మీద. ఆ తర్వాత 1972లో అమెరికా రవాణా భద్రతా సంస్థ నివేదిక మాత్రం ఆ కాలపు ఇతర కార్ల కన్నా ఇదేమీ ఎక్కువ ప్రమాదకరం కాదని తేల్చింది. ఆ వాదం ఎలా ఉన్నా మనకు కావలసిన పాఠం అందులో ఉంది. ఆ కారుకు కావలసింది ముందు బార్. అదే కడ్డీని వెనక బిగించి ఉంటే పరిస్థితి ఇంకా చెడిపోయేది.

మీది ఏ బండి?

మారుతీ 800 సంగతి ముందుగా. 1983 చివర్లో మొదలై 2014 దాకా తయారైన ఈ కారులో ముందు జంపింగ్ రాడ్ రెండు పనులు చేస్తుంది. ఒరగడాన్ని తగ్గించడం ఒకటి, లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచడం రెండోది. దాని బుష్‌లు అరిగితే బ్రేక్ తొక్కినప్పుడు చక్రం కొంచెం వెనక్కి జరుగుతుంది, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. ఇలాంటి బండికి ముందు బుష్‌లు మార్చకుండా వెనక కొత్త బార్ బిగించడం, కూలిపోయే గోడకు సున్నం వేసినట్టే.

స్విఫ్ట్, ఐ10 లాంటి తర్వాతి తరం కార్లలో వెనక బార్ విడిగా కనిపించదు. అంతమాత్రాన లేదని కాదు. వాటి వెనక యాక్సిల్ దూలమే మెలి తిరిగేలా చేసిన భాగం, అది పాక్షికంగా స్వే బార్ పని కూడా చేస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన వైట్‌లైన్ లాంటి కంపెనీలు ఇలాంటి యాక్సిళ్లకు అదనంగా బిగించే బార్లు చేస్తాయి. అవి ఫలానా మోడల్‌కని కొలిచి చేసినవి. వేరే బండికి సరిపెట్టి బిగించేవి కావు.

క్వాలిస్, బొలెరో, ఓమ్నీ, అంబాసిడర్ వరస వేరు. వీటికి వెనక చక్రాలే లాగుతాయి, వెనక కమాన్ కట్టలు ఉంటాయి. వీటికి వెనక గట్టి బార్ వేస్తే మలుపులో లోపలి వెనక టైరు తేలికై, యాక్సిలేటర్ తొక్కగానే అక్కడే గిర్రున తిరుగుతుంది. తడి రోడ్డు మీద అదే తోక విసరడానికి మొదలు. పైగా ఓమ్నీ, క్వాలిస్ లాంటివి ఎత్తు బండ్లు. బార్ వేస్తే బోల్తా పడవు అని కొందరు అనుకుంటారు. బోల్తా అనేది చక్రాల వెడల్పుకు, బరువు కేంద్రం ఎత్తుకు మధ్య నిష్పత్తి మీద ఉంటుంది. బార్ ఆ రెండింటినీ మార్చదు. పైన క్యారియర్ కట్టి సూట్‌కేసులు, బియ్యం మూట వేస్తే మాత్రం ఆ ఎత్తు తప్పకుండా మారుతుంది.

ఇలాంటి వెనక చక్రాల బండ్లకు వెనక బార్ నేను సలహా ఇవ్వను. ముందు బార్ బుష్‌లు కొత్తవి వేయించడం, కమాన్ కట్టల్లో విరిగిన ఆకు ఉంటే మార్చడం, కట్ట చివర షాకిల్ బుష్‌లు చూసుకోవడం, ఇంతవరకే.

బార్ కన్నా ముందు చూడాల్సినవి

పదిహేను, ఇరవై ఏళ్ల బండి ఊగుతోందంటే అది కొత్తగా ఉన్నప్పుడు కూడా అంతే ఊగేదా? ఊగేది కాదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? అరిగిన వాటి దగ్గర. వాటిని మారిస్తే కంపెనీ ఇచ్చిన నడక తిరిగి వస్తుంది. చాలా బండ్లకు అంతకు మించి అవసరం ఉండదు.

మొదట షాకబ్జర్లు. ఒక్కో మూల బానెట్ మీద, డిక్కీ మీద బలంగా నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగిందంటే ఆ షాకబ్జర్ పని అయిపోయింది. ఒంటి మీద నూనె కారిన మరక ఉంటే పరీక్ష కూడా అక్కర్లేదు. మార్చేటప్పుడు జతగా మార్చండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది పెడితే బండి కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో ఒకలా నడుస్తుంది. షాకబ్జర్‌కు, బార్‌కు తేడా కూడా తెలుసుకోవాలి. ఎంత ఒరగాలో చెప్పేది స్ప్రింగు, బార్. ఎంత త్వరగా ఒరగాలో, ఒరిగాక ఎన్నిసార్లు ఊగాలో చెప్పేది షాకబ్జర్. లారీని దాటేటప్పుడు పడవలా ఊగుతోంది అన్న కంప్లయింట్ నూటికి తొంభై పాళ్లు షాకబ్జర్ మీదిదే అని నా అభిప్రాయం.

తర్వాత బుష్‌లు, లింక్ రాడ్లు. మెల్లగా పోతుంటే చిన్న చిన్న రాళ్ల మీద 'టక్ టక్' అని చప్పుడు వస్తే లింక్ రాడ్ బాల్ జాయింట్ కానీ బుష్ కానీ పోయినట్టు. బండిని ర్యాంపు ఎక్కించి టైర్ లివర్‌తో మెల్లగా కదిపితే ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది. ఇక్కడి ఎండకు రబ్బరు గట్టిపడి పగులుతుంది, చూడ్డానికి ఉన్నట్టే ఉంటుంది.

టైర్లు చూడ్డానికి పక్క గోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. తక్కువ తిరిగే బండికి గాడి లోతుగానే ఉంటుంది కానీ ఆరేడేళ్లు దాటిన రబ్బరు రాయిలా మారుతుంది. అలాంటి టైర్ల మీద బార్ వేయడం దండగ. గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదో, కంపెనీ పుస్తకంలోనో ఉంటుంది. పంక్చర్ షాపులో అన్ని బండ్లకూ ఒకే లెక్క కొడతారు, అడిగి చెప్పి కొట్టించుకోండి.

అందరూ మరిచిపోయేది ఇంకోటుంది. డిక్కీ కిందికి దిగిపోతోందని వెనక కాయిల్ స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికిస్తారు. కమాన్ కట్టకు అదనంగా ఒక ఆకు వేయిస్తారు. ఇవి వెనక స్ప్రింగును గట్టి చేస్తాయి. అంటే స్వే బార్ చేసే పనే, పేరు చెప్పకుండా చేస్తాయి. పంపకంలో వెనక వాటా అప్పటికే పెరిగి ఉంటుంది. ఆ బండికి మళ్లీ వెనక బార్ కూడా వేస్తే రెండూ కలిసి తోకను వదిలేస్తాయి. కాబట్టి బార్ మాట ఎత్తే ముందు బఫర్లు ఉన్నాయేమో వంగి చూడండి, ఉంటే తీసేసి స్ప్రింగులే కొత్తవి వేయించండి.

ఇవన్నీ అయ్యాక కూడా కావాలంటే

ముందు చక్రాలు లాగే చిన్న కారు, షాకబ్జర్లు బుష్‌లు టైర్లు అన్నీ బాగున్నాయి, అయినా మలుపులో ముక్కు బయటికి పోవడం నచ్చట్లేదు. సరే, అలాంటప్పుడు సన్నని వెనక బార్ ఆలోచించదగ్గదే. ఎంత లావు అన్నదే అసలు ప్రశ్న.

గుండ్రటి కడ్డీ మెలికకు ఎదురు నిలిచే బలం దాని వ్యాసం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. చెప్పడానికి కఠినంగా ఉన్నా లెక్క చూస్తే తెలిసిపోతుంది. 12 మి.మీ. బార్ బదులు 14 మి.మీ. వేస్తే గట్టితనం 85 శాతం పెరుగుతుంది. 14 నుంచి 16కు పోతే 70 శాతం. రెండు మిల్లీమీటర్లే కదా అని ఉస్తాద్ అంటే, ఆ రెండు మిల్లీమీటర్లతో బండి స్వభావమే మారుతుందని గుర్తుంచుకోండి. చేతి పొడవు కూడా లెక్కే. చేయి పొట్టిదైన కొద్దీ బార్ గట్టిపడుతుంది. అందుకే మంచి బార్లకు చివర్లో రెండు మూడు రంధ్రాలు ఉంటాయి. చివరి రంధ్రంలో లింక్ బిగిస్తే మెత్తన, లోపలి రంధ్రంలో బిగిస్తే గట్టి.

షెడ్డులో తయారు చేసే బార్ల దగ్గర నాకున్న పెద్ద భయం స్టీలు గురించి. ఇంటి స్లాబుకు వాడే సలాకను వంచి బార్‌లా బిగించడం కొత్తేమీ కాదు. మొదటి రోజు అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే మామూలు ఇనుముకూ స్ప్రింగు స్టీలుకూ మెలికకు ఎదురు నిలిచే గుణంలో తేడా దాదాపు ఉండదు. తేడా ఓర్పులో ఉంటుంది. స్ప్రింగు స్టీలు లక్షల సార్లు మెలి తిరిగినా మళ్లీ నిటారవుతుంది. మామూలు కడ్డీ కొన్నాళ్లకు వంకర అలాగే ఉండిపోతుంది, లేదంటే వంపు దగ్గర చిట్లుతుంది. అసలైన స్ప్రింగు స్టీలు బార్‌కే వెల్డింగ్ పెట్టినా ప్రమాదమే. వేడి తగిలిన చోట స్టీలు పెళుసవుతుంది, పగులు అక్కడే పుడుతుంది. విరిగిన బార్ ముక్క బ్రేక్ పైపుకో, టైరుకో తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

బిగించే చోటు కూడా చూడాలి. బార్ బలమంతా రెండు చిన్న క్లాంపుల దగ్గర బాడీ మీద పడుతుంది. పాత బండి అడుగు రేకు తుప్పు పట్టి ఉంటే క్లాంపు రేకుతో సహా ఊడి వస్తుంది. వెనక పెట్రోల్ ట్యాంకు, హ్యాండ్ బ్రేక్ తీగ, బ్రేక్ పైపులు, సైలెన్సర్ దగ్గరగా ఉంటాయి. బార్ పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి కదిలినప్పుడు వేటికీ తగలకూడదు. బండి జాకీ మీద వేలాడుతుండగా కాకుండా, చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే లింక్ బోల్టులు చివరిసారి బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్ మొదటి రోజు నుంచే మెలి తిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు. అరిగిన బుష్‌ను కొత్త బుష్‌తో మార్చడం మరమ్మతు. అసలు లేని బార్‌ను బాడీకి వెల్డింగ్ చేసి బిగించడం మార్పు. రోడ్డు మీద పోలీసు వంగి చూడకపోవచ్చు. కానీ 15 ఏళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు పోయినప్పుడు ఇన్‌స్పెక్టర్ చూస్తారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ తప్పకుండా చూస్తారు, క్లెయిమ్ ఆపడానికి అతనికి అదొక కారణం దొరుకుతుంది. వేయించేముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి జవాబు తెచ్చుకోండి.

వేయించుకున్నవాళ్లు మొదటి వారం మెత్తటి రంధ్రంలోనే లింక్ ఉంచి, ఒంటరిగా, పొడి రోడ్డు మీద, ట్రాఫిక్ లేని చోట నడిపి చూడండి. మామూలు వేగంలోనే మలుపు మధ్యలో యాక్సిలేటర్ కొంచెం వదిలినప్పుడు బండి వెనక భాగం పక్కకు కదిలినట్టు అనిపిస్తే ఆ బార్ మీ బండికి ఎక్కువైనట్టే. అప్పుడు రెండు పక్కలా లింకులు విప్పి బార్‌ను తీయించేయండి, ఒక్క పక్క లింకు మాత్రమే విప్పి తిరగొద్దు, వేలాడే చేయి టైరుకు తగులుతుంది. తొలకరికి ముందు లింకులు చివరి రంధ్రంలోనే ఉన్నాయో లేదో మళ్లీ ఒకసారి చూసుకోండి. దుమ్ము, నూనె, లారీల నుంచి రాలిన బూడిద కలిసి మొదటి వానకు రోడ్డు సబ్బులా ఉండేది ఆ రోజుల్లోనే.